మోటారు బండిలో హెచ్చు వోల్టులు

మంచిర్యాల నుండి చెన్నూరు పోయే బాటమీద శ్రీరాంపూర్ ఉన్నది. సింగరేణి బొగ్గు గనులవల్ల పెరిగిన ఊరు ఇది. రాత్రి షిఫ్టు మారే వేళ ఇక్కడ కొంచెముసేపు నిలబడి చూచే విద్యార్థికి విద్యుచ్ఛాస్త్రములో ఒక పాఠము కనబడుతుంది. గనిలోకి దిగే కార్మికుని నెత్తిమీది టోపీ దీపము సుమారు 4 వోల్టులతో వెలుగుతుంది. బాటప్రక్కన ఆగిన కారు దీపములకు 12 వోల్టులు కావలెను. బొగ్గు మోసే పెద్ద లారీకి, ఓపెన్‌కాస్టు గనిలో మట్టి మోసే డంపరుకు 24 వోల్టులు. కార్మికుని ఇంటిలో తిరిగే ఫ్యానుకు 230 వోల్టులు. గనులలో మట్టిని తవ్వే పెద్ద విద్యుత్ షవెలుకు వేల వోల్టులు.

ఇవన్నీ ఒకే విద్యుత్తు. అయినను ఒకదానికోసము చేసిన పరికరము మరొకదానికి పనికిరాదు. ఇంటి ఫ్యానును కారు బ్యాటరీకి కలిపితే అది కదలదు. కారు దీపమును ఇంటి తీగలకు కలిపితే క్షణములో కాలిపోతుంది. మరి దారిలో ఉన్న బండిలో ఇంటి పరికరమును నడపవలసి వస్తే ఏమి చేయవలెను? సభకోసము జీపుమీద మైకు పెట్టవలెను. ఊరూరా తిరిగే వైద్య వాహనములో ఇంటి విద్యుత్తుతో నడిచే యంత్రము పనిచేయవలెను. లారీ డ్రైవరు తన బండిలో పాట వినవలెను. చిన్న వోల్టుల బ్యాటరీ నుండి పెద్ద వోల్టులను పుట్టించడము ఎట్లు?

ఈ ప్రశ్న క్రొత్తదని చాలమంది అనుకుంటారు. కాని ఇది మోటారు బండి ఎంత పాతదో అంత పాతది. పెట్రోలుతో నడిచే బండి పుట్టిననాడే దాని బ్యాటరీ వేల వోల్టులను పుట్టించవలసి వచ్చింది. ఆ కథ తెలిసినవారికి నేటి ఇన్వర్టరు ఎట్లు పనిచేస్తుందో, అది ఎక్కడ మేలు చేస్తుందో, ఎక్కడ నిప్పు పెడుతుందో సులభముగా బోధపడుతుంది.

ఎత్తు, ధార

ముందుగా ఒక చిన్న విషయము. చెరువు తూము నుండి నీరు దిగుతున్నది. నీరు ఎంత ఎత్తు నుండి పడుతున్నది అనునది ఒకటి. ఎంత ధార పడుతున్నది అనునది మరొకటి. క్రింద ఉన్న చక్రమును త్రిప్పే బలము ఈ రెండింటిపైనా ఆధారపడి ఉంటుంది. విద్యుత్తులో వోల్టులు ఎత్తువంటివి, ఆంపియర్లు ధారవంటివి. రెండింటిని గుణిస్తే వచ్చేది సామర్థ్యము. దానిని వాట్లలో కొలుస్తారు.

కావున 300 వాట్ల పనిని 230 వోల్టులతో చేస్తే సుమారు ఒకటింబావు ఆంపియరు చాలును. అదే పనిని 12 వోల్టులతో చేయాలంటే 25 ఆంపియర్లు కావలెను. పని మారలేదు, ధార మాత్రము సుమారు ఇరవై రెట్లు పెరిగింది. ఏ యంత్రమైనను వోల్టులను పెంచగలదేగాని శక్తిని సృష్టించలేదు. వోల్టులు పెరిగినంతగా ఆంపియర్లు తగ్గుతాయి. నడుమ కొంత శక్తి వేడిగా పోతుంది. ఈ లెక్కను మరవకుండ ఉంటే మిగిలిన చరిత్ర అంతయు తేటపడుతుంది.

మొదటి అవసరము - నిప్పురవ్వ

1831లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే ఒక సత్యమును కనుగొన్నాడు. ఒక ఇనుప కడియముపై రెండు తీగచుట్టలను చుట్టి, ఒక చుట్టలో ప్రవాహమును పెట్టినప్పుడును, ఆపినప్పుడును రెండవ చుట్టలో విద్యుత్తు పుడుతున్నది. ప్రవాహము నిలకడగా ఉన్నంతసేపు ఏమియు పుట్టదు. మార్పు ఉన్నప్పుడే ప్రేరణము ఉంటుంది. రెండవ చుట్టలో ఎన్ని రెట్లు చుట్లు ఎక్కువ ఉంటే అన్ని రెట్లు వోల్టులు ఎక్కువ వస్తాయి.

బ్యాటరీ ఇచ్చేది ఏకముఖ ప్రవాహము, అది నిలకడైనది. అందుచేత దానిని నేరుగా ట్రాన్స్‌ఫార్మరుకు ఇచ్చిన ప్రయోజనము లేదు. దానిని తుంచి తుంచి ఇవ్వవలెను. 1836లో ఐర్లండులోని మేనూత్ కళాశాలలో పనిచేసిన నికొలస్ కాలన్ అను మతాచార్యుడు ఈ ఉపాయముతో ప్రేరణ చుట్టను తయారుచేసినాడు. 1853లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫిజో, తుంచేచోట ఒక కండెన్సరును చేర్చితే తునక మరింత చురుకుగా జరుగుతుందని చూపినాడు. పారిస్ నగరములో పరికరములు చేసే రూమ్‌కార్ఫ్ ఈ చుట్టను ఎంతో బాగుచేసి, 1864లో ఫ్రెంచి చక్రవర్తి మూడవ నెపోలియన్ నుండి 50,000 ఫ్రాంకుల బహుమతి పొందినాడు. కొద్ది వోల్టుల బ్యాటరీలతో ఆ చుట్ట గాలిలో పొడవైన మెరుపులను పుట్టించేది.

ఆ మెరుపే మోటారు బండికి ప్రాణమైనది. కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడు చక్రముల బండిలో పెట్రోలు ఆవిరిని అంటించడానికి బ్యాటరీ, ప్రేరణ చుట్ట ఉన్నవి. కాని ఆ బండిలో బ్యాటరీని తిరిగి నింపే జనరేటరు లేదు. బ్యాటరీ అయిపోతే బండి ఆగిపోయేది. అందుచేత కొంతకాలము బ్యాటరీని విడిచి, ఇంజను త్రిప్పగా విద్యుత్తు నిచ్చే మాగ్నెటో వాడుకలోకి వచ్చింది. 1902లో జర్మనీలో బాష్ సంస్థలో పనిచేసిన గాట్‌లోబ్ హోనోల్డ్ హెచ్చు వోల్టుల మాగ్నెటోను తయారుచేసినాడు. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ బ్యాటరీనే నమ్ముకొని, ఒక చుట్ట, ఒక తునక యంత్రము, ఒక కండెన్సరు కలిపి జ్వలన పద్ధతిని రూపొందించినాడు. 1910 నమూనా కాడిలాక్ కార్లలో అది వచ్చింది. తరువాత అరవై ఏండ్లకు పైగా ప్రపంచములోని పెట్రోలు కార్లలో ఎక్కువభాగము ఆ పద్ధతిమీదనే నడిచినవి.

ఇందులో ఒక విశేషమును విద్యార్థులు గమనించవలెను. ద్వితీయ చుట్టలో చుట్లు ప్రాథమిక చుట్టకంటె సుమారు నూరు రెట్లు మాత్రమే ఎక్కువ. 12 వోల్టులను నూరు రెట్లు చేసిన 1,200 వోల్టులే కావలెను గదా! కాని స్పార్కు ప్లగ్గు వద్దకు వచ్చేది 15,000 వోల్టులు, ఇంకను ఎక్కువ. కారణము స్వయంప్రేరణము. పారుతున్న ప్రవాహమును చటుక్కున తుంచినప్పుడు, చుట్టచుట్టు నిలిచిన అయస్కాంత శక్తి కూలి, ప్రాథమిక చుట్టలోనే రెండు మూడు వందల వోల్టులను పుట్టిస్తుంది. ద్వితీయ చుట్ట దానిని నూరు రెట్లు పెంచుతుంది. పరుగెత్తే బండికి హఠాత్తుగా బ్రేకు వేస్తే లోనివారు ముందుకు తూలినట్లు, పారే విద్యుత్తును హఠాత్తుగా ఆపితే అది ఎగిరి దూకుతుంది.

అదే రవ్వ గనిలో

ఇంజనులో మేలుచేసే ఈ గుణమే గనిలో ప్రాణములు తీయగలదు. 1913 అక్టోబరు 14న వేల్సు దేశములోని సెంఘెనిడ్ బొగ్గు గనిలో ప్రేలుడు జరిగి 439 మంది కార్మికులు చనిపోయినారు. కారణములను విచారించినవారు శంకించినవాటిలో గనిలోని గంటల తీగలు ఒకటి. కూలీలు సంకేతమిచ్చుటకు రెండు ఉత్త తీగలను తాకించి గంట మ్రోగించేవారు. ఆ గంటకు చిన్న బ్యాటరీ విద్యుత్తే చాలును. అంత తక్కువ విద్యుత్తు ఏమి చేయగలదని అందరు అనుకున్నారు. కాని గంటలో తీగచుట్ట ఉన్నది. తీగలు విడిపోయిన క్షణములో ఆ చుట్టలోని శక్తి రవ్వగా దూకుతుంది. గాలిలో మీథేను వాయువు ఉంటే ఆ రవ్వ చాలును.

ఆ తరువాత వీలర్, థార్న్‌టన్ అను శాస్త్రజ్ఞులు పరిశోధించి, ఒక విద్యుత్ వలయము అపాయకరమా కాదా అనునది వోల్టులమీద మాత్రమే ఆధారపడదనియు, రవ్వలో విడుదలయ్యే శక్తిమీద ఆధారపడి ఉంటుందనియు నిరూపించినారు. తీగలు తెగినను, తాకినను వాయువును అంటించేంత శక్తి పుట్టకుండ వలయమును కట్టే పద్ధతి అట్లు వచ్చింది. నేడు భూగర్భ గనులలో వాడే టెలిఫోనులు, సంకేత యంత్రములు, వాయువును కొలిచే పరికరములు ఈ నియమముపైనే తయారవుతున్నవి. కారు బ్యాటరీతో నడిచే సాధారణ ఇన్వర్టరును అట్టి గనిలోకి తీసికొనిపోరాదు అనడానికి కారణము ఇదే. ఉపరితలము మీద అది ఉపకరణము. వాయువు ఉన్నచోట అగ్గిపుల్ల.

రెండవ అవసరము - స్టార్టరు

ఆరంభకాలములో ఇంజనును చేతితో హాండిలు త్రిప్పి నడిపించేవారు. ఇంజను ఎదురుతన్నితే చేతులు విరిగేవి. విద్యుత్ మోటారుతో త్రిప్పించవచ్చునని కెటరింగ్ తలంచినాడు. అంత బలమైన మోటారు ఇంజనంత పెద్దదిగా ఉండవలెనని ఇంజనీర్లు ఆక్షేపించినారు. కాని కెటరింగ్ అంతకుముందు దుకాణములలో డబ్బు లెక్కించే యంత్రమునకు మోటారు పెట్టిన అనుభవము గలవాడు. ఒకటి రెండు క్షణములు మాత్రమే పనిచేయవలసిన మోటారుకు దాని శక్తికి మించిన ధార ఇచ్చినను కాలిపోదని అతనికి తెలుసు. 1912 నమూనా కాడిలాక్ కార్లలో విద్యుత్ స్టార్టరు వచ్చింది.

ఆ కారులో దీపములకు 6 వోల్టులు వాడినారు. ఇంజనును త్రిప్పేటప్పుడు మాత్రము బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులు చేసినారు. ఇంజను నడవగానే బ్యాటరీలు మళ్లీ ప్రక్కప్రక్కగా కలిసి 6 వోల్టులకు వచ్చేవి. చిన్న వోల్టుల బండిలో పెద్ద వోల్టుల పరికరమును నడపడానికి ఇది అన్నిటికంటె సరళమైన మార్గము. కాని స్విచ్చులు చిక్కైనవి. తరువాత మంచి మోటారులు వచ్చినందున 6 వోల్టులతోనే స్టార్టరు త్రిప్పడము అలవాటైంది.

ఆరు, పన్నెండు, ఇరువదినాలుగు

సీసపు బ్యాటరీని 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే కనుగొన్నాడు. అందులో ఒక్కొక్క గది సుమారు 2 వోల్టుల నిస్తుంది. మూడు గదులైతే 6, ఆరైతే 12. కారు బ్యాటరీపై ఆరు మూతలు ఉండడానికి కారణము ఇదే.

నిజాం రాష్ట్రములో రైల్వేశాఖ 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రభుత్వ రోడ్డు రవాణాను ప్రారంభించింది. దానికి కొంచెము ముందు, 1929లో, కాజీపేట - బల్లార్షా రైలుమార్గము పూర్తయి మంచిర్యాల ఉత్తర దక్షిణ దేశముల నడుమ పెద్దదారిపైకి వచ్చింది. అప్పటి రైలు పెట్టెలలో ఇరుసు త్రిప్పే డైనమో 24 వోల్టుల నిచ్చి దీపములను వెలిగించేది. ప్రయాణికుల అవసరములు పెరిగి, ఫ్యానులు, దీపములు ఎక్కువైన కొలది ఆ 24 వోల్టులు చాలక తరువాతి కాలములో భారత రైల్వేలు 110 వోల్టుల పద్ధతికి మారినవి. తీగ మందము పెంచడముకంటె వోల్టులు పెంచడము మేలని అనుభవము చెప్పింది.

కార్లలోను ఇదే జరిగింది. రెండవ ప్రపంచయుద్ధము తరువాత అమెరికాలో ఇంజనులు పెద్దవైనవి. వాటిని త్రిప్పడానికి, పెరిగిన పరికరములకు 6 వోల్టులు చాలలేదు. 1953 నుండి 1956 వరకు ఆ దేశపు కార్లు చాలవరకు 12 వోల్టులకు మారినవి. భారతదేశములో 1957లో వచ్చిన అంబాసిడరు కారు 12 వోల్టులదే. పొడవైన తీగలు, బరువైన డీజిలు ఇంజనులు గల లారీలకు రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులు చేసినారు.

ఇక్కడ లారీలవారికి అలవాటైన ఒక పొరపాటును చెప్పుకొనవలెను. 12 వోల్టుల టేపురికార్డరును 24 వోల్టుల లారీలో పెట్టడానికి కొందరు రెండు బ్యాటరీల నడుమ నుండి తీగ లాగుతారు. పాట బాగానే వస్తుంది. కాని ఖర్చయ్యేది ఒక్క బ్యాటరీయే. తిరిగి నింపే ప్రవాహము మాత్రము రెండింటిలోనుండి సమానముగా పోతుంది. కావున ఒకటి ఎన్నడును నిండదు. రెండవది నిండిన పిమ్మట కూడ నింపబడుతూ, నీరు మరిగి, పలకలు పాడవుతుంది. కొద్ది మాసములలో రెండును చెడిపోతాయి. 24 వోల్టులను మొత్తముగా తీసికొని 12కు దించే చిన్న యంత్రము ఖరీదు ఒక బ్యాటరీ ఖరీదుకంటె ఎంతో తక్కువ.

మూడవ అవసరము - రేడియో

1930లో అమెరికాలో గాల్విన్ సోదరులు మోటరోలా అను పేరుతో కారు రేడియోను అమ్మకమునకు తెచ్చినారు. ఆనాటి రేడియోలో గాజు వాల్వులు ఉండేవి. వాల్వు తంతువును వేడిచేయడానికి కారు బ్యాటరీ చాలును. కాని వాల్వు పలకకు 200 వోల్టుల వరకు కావలెను. మొదట దీనికి వేరుగా పొడి బ్యాటరీల పెట్టెను బండిలో అమర్చేవారు. అవి ఖరీదైనవి, త్వరగా అయిపోయేవి.

కొద్ది సంవత్సరములలోనే వైబ్రేటరు వచ్చింది. ఇది విద్యుత్ గంటకు తమ్ముడు. గంటలో సుత్తి ఊగినట్లు ఇందులో ఒక ఉక్కు నాలుక సెకనుకు నూరు సార్లకు పైగా ఊగుతూ బ్యాటరీ ప్రవాహమును ట్రాన్స్‌ఫార్మరు చుట్టలో ఒకసారి ఇటు, ఒకసారి అటు పంపుతుంది. ట్రాన్స్‌ఫార్మరు దానిని పెంచుతుంది. మరల దానిని ఏకముఖముగా మార్చి వాల్వులకు ఇస్తారు. రేడియో పెట్టినప్పుడు డబ్బాలోనుండి వినవచ్చే సన్నని గుయ్యిమను ధ్వని ఈ నాలుకదే. విద్యుత్తు రాని పల్లెలలో బ్యాటరీ రేడియోలకు కూడ ఇటువంటి వైబ్రేటరులు ఎన్నో ఏండ్లు సేవచేసినవి. దీని లోపము ఒక్కటే. స్పర్శ కలిగే మొనలు ప్రతి తునకకు కొంచెముగా కాలుతాయి. కొంతకాలమునకు నాలుక అంటుకొనిపోతుంది.

నాలుక లేని వైబ్రేటరు

1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటైన్ ట్రాన్సిస్టరును కనుగొన్నారు. షాక్లీతో కలిసి 1956లో వారికి నోబెల్ బహుమానము వచ్చింది. ట్రాన్సిస్టరు రేడియోకు హెచ్చు వోల్టులతో పనియే లేదు. 1955లో క్రైస్లరు సంస్థ అంతయు ట్రాన్సిస్టరులతో కూడిన కారు రేడియోను ప్రకటించింది. రేడియోకోసము పుట్టిన వైబ్రేటరుకు అక్కడ పని తప్పింది.

కాని ట్రాన్సిస్టరు మరొక మేలు చేసింది. అదియే తునక యంత్రముగా పనిచేయగలదు. దానికి కాలే మొనలు లేవు, అరిగే నాలుక లేదు. 1955 నాటికి జార్జి రాయర్ రెండు ట్రాన్సిస్టరులను, ఒక ట్రాన్స్‌ఫార్మరును కలిపి వాటంతటవే ఒకదాని తరువాత ఒకటి తెరచుకొని మూసుకొనే వలయమును ప్రకటించినాడు. ఇనుప గుండు అయస్కాంతముతో పూర్తిగా నిండగానే ఒక ట్రాన్సిస్టరు ఆగి రెండవది మొదలవుతుంది. ఏకముఖ ప్రవాహమును ఏకాంతర ప్రవాహముగా మార్చే యంత్రమును ఇన్వర్టరు అని పేర్కొంటూ 1925లోనే డేవిడ్ ప్రిన్స్ వ్యాసము వ్రాసినాడు. ఆనాడు ఆ పనికి పెద్ద వాల్వులు కావలసి ఉండెను. 1957లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ తయారుచేసిన థైరిస్టరు, 1960 ప్రాంతములో బెల్ ప్రయోగశాలలో అటాల్లా, కాంగ్ రూపొందించిన మాస్‌ఫెట్ ఈ పనిని చౌకచేసినవి.

నేటి చిన్న ఇన్వర్టరులలో తునకలు సెకనుకు వేలకొలది జరుగుతాయి. తునకలు ఎంత వేగమైతే ట్రాన్స్‌ఫార్మరు అంత చిన్నదైనను చాలును. ముందు 12 వోల్టులను మూడువందల పైచిలుకు ఏకముఖ వోల్టులకు పెంచి, తరువాత దానిని సెకనుకు 50 ఆవర్తనముల ఏకాంతర విద్యుత్తుగా మలుస్తారు. చౌక యంత్రములలో తరంగము మెట్లుమెట్లుగా ఉంటుంది. దీపములకు, ఛార్జరులకు అది చాలును. మోటారులు గల పరికరములు, సున్నితమైన వైద్య యంత్రములు వంపు తిరిగిన అసలు తరంగమునే కోరుతాయి. మెట్ల తరంగముతో అవి వేడెక్కవచ్చును, తప్పు చూపవచ్చును.

లౌడుస్పీకరు లెక్క

ఎన్నికల జీపుమీది మైకు ఈ చరిత్రకు మంచి ఉదాహరణము. 4 ఓముల స్పీకరును 12 వోల్టులతో నేరుగా నడిపే సామాన్య యాంప్లిఫయరు, ధ్వనికోసము ఇటు 6, అటు 6 వోల్టులు మాత్రమే ఊపగలదు. లెక్కవేస్తే వచ్చేది నాలుగున్నర వాట్లు. స్పీకరు రెండు కొసలను ఎదురెదురుగా ఊపే పద్ధతిలో అది 18 వాట్ల వరకు పెరుగుతుంది. అంతకుమించి గొంతు పెరగదు. కాని లోపల ఒక పరివర్తక వలయమును పెట్టి ఇటు 30, అటు 30 వోల్టులు చేస్తే అదే స్పీకరులో నూరు వాట్లు దాటుతుంది. వోల్టులు అయిదు రెట్లు పెరిగితే సామర్థ్యము ఇరువదియైదు రెట్లు పెరిగింది. ఆ వాట్లన్నియు పాత బ్యాటరీ నుండియే రావలెను గనుక, ఇంజను ఆపి ఉపన్యాసము సాగిస్తే తరువాత బండిని త్రోయవలసి వస్తుంది.

తప్పిన అడుగు, నిలిచిన అడుగు

పరికరములు పెరిగిన కొలది 12 వోల్టులు కూడ చాలక, 1990 తరువాత అమెరికా, ఐరోపా సంస్థలు 42 వోల్టుల పద్ధతిని ప్రతిపాదించినవి. 36 వోల్టుల బ్యాటరీని నింపడానికి 42 వోల్టులు కావలెను గనుక ఆ పేరు. 2001లో జపానులో టొయోటా క్రౌన్ కారు ఒకటి ఈ పద్ధతితో వచ్చింది. కాని పద్ధతి వ్యాపించలేదు. ప్రతి బల్బును, ప్రతి మోటారును, ప్రతి స్విచ్చును క్రొత్తగా చేయవలెను. పైగా స్విచ్చు తెరచినప్పుడు 12 వోల్టుల రవ్వ వెంటనే ఆరిపోతుంది. 42 వోల్టుల రవ్వ నిలిచి మొనలను కాల్చుతుంది. ఇంటి ఏకాంతర విద్యుత్తు సెకనుకు నూరుమార్లు సున్నకు వస్తుంది గనుక అక్కడ రవ్వకు ఆరిపోయే అవకాశము ఉన్నది. ఏకముఖ విద్యుత్తులో అది లేదు.

2011లో జర్మను కార్ల సంస్థలు మరొక మార్గము ఎన్నుకున్నవి. 12 వోల్టులను అట్లే ఉంచి, బరువైన పనులకు మాత్రము ప్రక్కన 48 వోల్టుల వలయమును పెట్టినవి. 60 వోల్టుల లోపు ఏకముఖ విద్యుత్తుకు తాకిడి రక్షణ నియమములు అంత కఠినముగా ఉండవు గనుక 48 అను సంఖ్య నిలిచింది. రెండు వలయముల నడుమ ఎలక్ట్రానిక్ పరివర్తకము కాపలా ఉంటుంది. విద్యుత్ బండ్లలో కథ తలక్రిందులైనది. 2019లో హైదరాబాదు విమానాశ్రయ మార్గములలో ఆర్టీసీ 40 విద్యుత్ బస్సులను నడపనారంభించింది. అటువంటి బస్సుల బ్యాటరీ వందల వోల్టులది. అందులో దీపములు, హారనువంటి చిన్న పరికరములకోసము ఆ వోల్టులను క్రిందికి దించవలసి వస్తుంది.

ఎక్కడ నిప్పు పుడుతుంది

ఇప్పుడు మొదటి లెక్కకు తిరిగి రావలెను. 300 వాట్ల పరికరమును ఇన్వర్టరుతో 12 వోల్టుల బ్యాటరీపై నడిపితే, ఇన్వర్టరులో పోయేదానితో కలిపి సుమారు 30 ఆంపియర్లు బ్యాటరీ నుండి రావలెను. ఇంటిలో వాడే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగితీగను బ్యాటరీ నుండి నాలుగు మీటర్ల దూరము లాగినారనుకుందాము. పోవడము రావడము కలిపి ఎనిమిది మీటర్లు. దాని నిరోధము 0.056 ఓములు. ప్రవాహపు వర్గమును నిరోధముతో గుణిస్తే వచ్చేది 50 వాట్లు. ఒక టంకపు ఇనుము వెదజల్లేటంత వేడి ఆ తీగలో పుడుతున్నదన్నమాట. అదే 24 వోల్టులలో ప్రవాహము సగము. వేడి నాలుగవ వంతు, అనగా పన్నెండున్నర వాట్లు. 230 వోల్టుల వైపున ఆ తీగలోనే పుట్టే వేడి వాటులో పదవ వంతు మాత్రమే.

కావున ఇన్వర్టరును బ్యాటరీ ప్రక్కనే ఉంచి, ఆ వైపు తీగను పొట్టిగా, లావుగా పెట్టవలెను. దూరము పోవలసినది 230 వోల్టుల వైపు తీగయే. బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఫ్యూజు ఉండవలెను. తీగ బండి చట్రమునకు తాకితే ఫ్యూజు కాలవలెను గాని బండి కాలరాదు. 12 వోల్టులు తాకితే షాకు కొట్టదు గనుక అది నిరపాయమని చాలమంది నమ్ముతారు. షాకు కొట్టనిది కూడ కాల్చగలదు. ఇన్వర్టరు రెండవ వైపు వచ్చేది ఇంటి విద్యుత్తే గనుక అది షాకు కొట్టి ప్రాణము తీయగలదు. ఒకే చిన్న పెట్టెలో ఒక వైపు నిప్పు భయము, రెండవ వైపు షాకు భయము.

60 ఆంపియరు గంటల కారు బ్యాటరీ 30 ఆంపియర్లను కాగితము మీద రెండు గంటలు ఇస్తుంది. అనుభవములో అంత ఇవ్వదు. ఇచ్చినను మరల ఇంజనును త్రిప్పే బలము దానిలో మిగలదు. ఉపాధ్యాయులు ఈ లెక్కలను తరగతిలో చేయించి, ఊరి లారీ షెడ్డుకు విద్యార్థులను తీసికొనిపోయి, 12 వోల్టుల బండిలోను, 24 వోల్టుల బండిలోను దీపపు తీగల మందమును పోల్చి చూపించవచ్చును.

శ్రీరాంపూర్‌లో రాత్రి షిఫ్టు కార్మికుడు 4 వోల్టుల దీపముతో గనిలోకి దిగుతాడు. అంతకంటె పెద్ద వోల్టులు దొరకక కాదు. తలమీద మోయడానికి తేలికగా, వాయువు ఉన్నచోట నిరపాయముగా ఉండవలెనని అట్లు నిర్ణయించినారు. పైన లారీకి 24, షవెలుకు వేలు. పనిని బట్టి, దూరమును బట్టి, అపాయమును బట్టి వోల్టులు ఎన్నుకొనవలెను. ఒక మెట్టు నుండి మరొక మెట్టుకు ఎక్కించే యంత్రము నేడు అంగడిలో సులభముగా దొరుకుతున్నది. దానిని కొనేవాడు ముందుగా చూడవలసినది ఆ పెట్టెమీది వోల్టుల అంకె కాదు. బ్యాటరీ నుండి దానికి వచ్చే తీగ మందము.